పైన ఆ పిసరు

“ఉప్పు సోలెడు... పైన ఆ పిసరు!” అంటూ ఉమాకాంత్ ఫోన్లోకి మూడోసారి అరిచాడు.

అవతల, రాజధానిలోని ప్రధాన కార్యాలయంలో, ఆ మాట టైపు కొట్టుకోవలసిన పెద్దమనిషి నెత్తిన ఫ్యాను గర్రుమంటోంది. ఇవతల, అల్లూరుపేట జిల్లా శాఖ కిటికీ కింద ఆటోలు బుర్రుమంటున్నాయి. ఆ గర్రుకీ ఈ బుర్రుకీ మధ్య నలిగి, పాపం, పిసరు కాస్తా ఉబ్బిపోయింది.

“ఏంటీ, పైన ఆఫీసరా?”

“ఆ... పిసరండీ! ఆ... పిసరు!”

“అదేగా నేనూ అన్నది, ఆఫీసరని. నాకేం చెముడు లేదు, అరవకు. తర్వాత?”

“తర్వాత మెంతిపిండి,” అన్నాడు ఉమాకాంత్, నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఎదురుగా బల్లమీద గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని కూచున్న చెల్లుబోయిన వరహాలు ఇదంతా వింటూనే ఉంది. “బాబూ, ఆయన ఇంకోలా విన్నట్టున్నాడండి,” అంది.

“వాళ్లే సరిచేసుకుంటారమ్మా. ప్రధాన కార్యాలయం కదా!”

ఉమాకాంత్ మంచివాడే. పదకొండేళ్లయినా జూనియర్ అసిస్టెంటుగానే ఉండిపోయినంత మంచివాడు. మూడు నెలల కిందట ఆఫీసు స్కానరు పాడైంది. బాగుచేయించండి మహాప్రభో అని రాస్తే, ఆ కాయితాన్ని స్కాను చేసి పంపమన్నారు పైవాళ్లు. అప్పట్నించీ దరఖాస్తులన్నీ ఇలా నోటిమీదుగానే రాజధానికి ప్రయాణం చేస్తున్నాయి.

వరహాలుది ఏటిగట్టున కొత్తలంక. దబ్బకాయ ఊరగాయ పెట్టడంలో ఆవిడ చెయ్యి చుట్టుపక్కల పది ఊళ్లకి తెలుసు. దబ్బకాయంటే నిమ్మకాయకి పెదనాన్న. మనిషి భారీగానే ఉంటాడుగానీ లోపలంతా చేదు. ఆ చేదుని బుజ్జగించి పులుపు దారిన పెట్టాలంటే నేర్పు కావాలి. ఊళ్లో పదిమంది ఆడవాళ్లు కలిసి పొదుపు సంఘం పెట్టుకుని, వరహాల్ని పెద్దని చేశారు. వాళ్ల అదృష్టం పండి, లాటరీలో సంఘానికి అల్లూరుపేట బస్టాండులో ఒక కొట్టు దక్కింది, ఐదో నంబరు ప్లాట్‌ఫారం పక్కనే. షరతు ఒక్కటే. డిసెంబరు ముప్పయ్యొకటిలోగా ఊరగాయ లైసెన్సు తెచ్చి గోడకి తగిలించాలి. లేదా ఆ కొట్టు, వరసలో తర్వాతున్న సెల్‌ఫోన్ తొడుగుల వాడికి పోతుంది. వాడప్పుడే రెండుసార్లొచ్చి గోడలు కొలుచుకుని వెళ్లాడు.

లైసెన్సు ఇచ్చేవారు ‘రాష్ట్ర నిలవ పచ్చళ్ల ప్రమాణ నిర్ణయ, నియంత్రణ, నిఘా మండలి’ వారు. జనం మాత్రం ముద్దుగా నిలవ మండలి అంటారు. అక్కడికెళ్లిన కాయితం ఏ ఊరగాయకన్నా ఎక్కువ కాలం నిలవుంటుంది మరి.

మండలి వారి ఫారంలో ‘ఉప్పు’ అన్న గడి దగ్గర వరహాలు తను చేసేదే రాసింది: డజను కాయకి సోలెడు, పైన ఆ పిసరు. ఏ పిసరు అని వంటింట్లో ఎవరూ అడగరు. అడిగేవాళ్లు వంటింటి దరిదాపులకి రారు.

పదిహేను రోజులకి శ్రీముఖం వచ్చింది. తోటికోడలు సత్తెవతి పదో తరగతి దాకా చదివిన మనిషి. అరుగుమీద నించుని, సంఘం మొత్తానికీ వినబడేలా చదివింది.

“‘తమ ఊరగాయ యందు ఉప్పుపైన ఒక ఆఫీసరును వినియోగించుచున్నట్లు తమ దరఖాస్తు వలన తెలియవచ్చినది. కావున ఈ క్రింది సంశయములకు సమాధానమివ్వవలెను. ఒకటి: సదరు ఆఫీసరు గెజిటెడా, నాన్ గెజిటెడా? రెండు: ఆఫీసరును ముక్కలుగా వినియోగింతురా, పొడిగానా? మూడు: ఆఫీసరు కలిసిన పదార్థమునకు శాకాహార సూచకమగు ఆకుపచ్చ చుక్క వర్తించదని తమరెరుగుదురా?’”



“ఆకుపచ్చ చుక్క లేకపోతే కార్తీకమాసంలో మన సీసా ఎవరు ముట్టుకుంటారే?” అంది వరహాలు.

“చుక్క సంగతి తర్వాత అక్కా. ఆఫీసర్ని ఎక్కణ్ణించి తెస్తాం? తెచ్చినా ఊరతాడా? ఆఫీసర్లు ఊరేగుతారుగానీ ఊరరు!”

‘ఆఫీసరు కాదండి బాబూ, పిసరు, ఉప్పు పిసరు’ అని వరహాలు జాబు రాయించింది. అది రాజధానికి చేరేలోపే ఆఫీసరు కొత్తలంకకి చేరిపోయాడు. చేతిలో పెట్టె, చంకలో చుట్టచుట్టిన పరుపు, మెడలో నీళ్ల సీసా. సన్నగా, భయంభయంగా ఉన్నాడు. పేరు మాత్రం భుజంగరావు.

“నమస్కారమమ్మా. ఇదిగో నా ఉత్తర్వు. ‘ఉప్పు పైన ఆఫీసరు, అల్లూరుపేట జిల్లా.’ మీ దరఖాస్తు చూసి కొత్తగా మంజూరు చేసిన పోస్టు. మొన్నటిదాకా చేపల శాఖలో వలకన్నాలు కొలిచేవాణ్ణి. పై అధికారి వల కూడా కొలిచానని ఇటు విసిరేశారు.” గొంతు తగ్గించాడు. “ఇంతకీ నన్నెక్కడ... అదే, నేనెక్కడ కూచోవాలి?”

“ఉప్పు పైనేగా నాయనా!” అంటూ సత్తెవతి వసారాలో ఉన్న ఉప్పుబస్తా చూపించింది.

వెక్కిరింతకే అంది. భుజంగరావు మాత్రం ఉత్తర్వు మరోసారి చదువుకుని, వెళ్లి ఆ బస్తామీద కూచున్నాడు. ఉత్తర్వు ఉత్తర్వే. వరహాలుకి జాలేసి మజ్జిగ ఇచ్చింది. తాగి, “ఇందులో...” అని ఏదో అనబోయి, కొత్తచోటని ఊరుకున్నాడు.

ఈలోగా వరహాలు జాబు రాజధానిలో డిప్యూటీ డైరెక్టరు త్రివిక్రమరావుగారి బల్ల ఎక్కింది. వారం తిరక్కుండా ఆవిడకి పిలుపొచ్చింది. ఐదు గంటల బస్సు. అన్ని గంటలూ బస్సులో కూచుని, వెళ్లి నించుంది.

త్రివిక్రమరావుగారు పేరుకి త్రివిక్రముడు, మనిషి వామనుడు. కుర్చీలో కూచుంటే కాళ్లు నేలకి ఆనవు. అంచేత చిన్న అన్న మాట ఎక్కడ వినబడినా ఆయనకి పెద్ద పట్టింపు.

“పిసరు!” అన్నారాయన, ఆ మాటని రెండు చేతుల్లో పెట్టుకుని చూస్తున్నట్టు. “ఈ రాష్ట్రంలో సోలకి కొలతుంది. గిద్దకి కొలతుంది. పిసరుకి లేదు! ఎందుకు లేదమ్మా? చిన్నదనేగా? ఇంత చిన్న విషయాన్ని ఇన్నాళ్లూ అందరూ చిన్నచూపు చూశారు. నేను చూడను!”

“బాబూ, అంత గొడవైతే ‘ఉప్పు తగినంత’ అని రాసేసుకోండి. అందరూ అలాగే రాస్తారంట గదా.”

త్రివిక్రమరావుగారి మొహం నల్లబడింది. “ఆ మాట ఎత్తకు. ‘తగినంత’ ఫైలు పద్నాలుగేళ్లుగా పక్క సెక్షన్లో నలుగుతోంది. తగినంత అంటే ఎంతో తేలేదాకా ఎవరూ తగినంత వాడటానికి వీల్లేదు. వాడితే తగిన చర్య.”

“తగిన అంటే ఎంతండి?”

“అదే ఇంకా తేలలేదు.”

మర్నాటికల్లా మూడు సంఘాలు వెలిశాయి. పిసరు అర్థానికి ఒకటి, వర్ణక్రమానికి ఒకటి, పుట్టుపూర్వోత్తరాలకి ఒకటి. మూడింటికీ అధ్యక్షులు ఆచార్య శఠగోపంగారే. ఆయన ముప్ఫయ్యేళ్లుగా నిఘంటువు రాస్తూ ‘క’ గుణింతంలోనే ఉండిపోయిన పండితుడు. ‘ప’ దాకా రావడానికి ఈ జన్మకి ఇదే మార్గమని సంబరంగా ఒప్పుకున్నారు.

తొలి సమావేశానికి వరహాల్ని సాక్షిగా పిలిచారు. ఐదు గంటల బస్సు మళ్లీ.

“పిసరు పుట్టుకపై మూడు వాదాలున్నాయి,” అని శఠగోపంగారు గొంతు సవరించుకున్నారు. “పిసికితే రాలేది గనక పిసరని ఒకటి. పిసినారి పెట్టేది గనక పిసరని రెండు. మూడోది నా సొంతం. పిసినారి నించి పిసరు పుట్టలేదు. పిసరే తల్లి, పిసినారే కొడుకు. తల్లి పోలికే కొడుక్కి వచ్చింది.”

“మీ ఊళ్లో ఏమంటారమ్మా, పిసరా, పిసురా, పిశరా?” అని అడిగారు త్రివిక్రమరావుగారు.

“వేసేటప్పుడు ఏవీ అనవండి. వేసేస్తాం.”

ఈ జవాబుని ‘సాక్షి వర్ణక్రమ విషయమున మౌనము వహించినది’ అని రాసుకున్నారు. వర్ణక్రమ సంఘం పదకొండుసార్లు కూచుని, చివరికి ‘పిసరు’ ఖాయం చేసింది. అయితే అంత చిన్న వస్తువుకి మూడు పూర్తి అక్షరాలు దుబారా గనక, ఆ మాట ఎక్కడ అచ్చువేసినా మిగతా అక్షరాల్లో పావువంతు సైజులో వెయ్యాలని తీర్మానించింది. ఆ తీర్మానం అలాగే అచ్చయింది. ఎవరికీ కనబడలేదు. అంచేత ఏకగ్రీవంగా ఆమోదించారు.

అర్థ సంఘం వారు పిసరు ఒంటరిగా ఉండకూడదని, దాని చుట్టపక్కాలన్నిటినీ కూచోబెట్టి పట్టిక కట్టారు. నాలుగు నలుసులు ఒక రవ్వ. మూడు రవ్వలు ఒక పిసరు. రెండున్నర పిసర్లు ఒక చిటికెడు. ‘గోరంత’ దగ్గర మాత్రం రభసైంది. గోరు కత్తిరించక ముందా, కత్తిరించాకా? బొటనవేలిదా, చిటికెనవేలిదా? ఆ చర్చ ముదిరి, ఇద్దరు సభ్యులు గోళ్లు చూపించుకునే దాకా వచ్చింది. గోరంత కొండంతైందని ఎవరో నవ్వితే, కొండంతకి కూడా కొలత కట్టాలని ఇంకొకాయన ప్రతిపాదన పెట్టాడు.

ఇక మిగిలింది అసలు పిసరు ఎంతో తూచడం. మూడోసారి ఐదు గంటల బస్సు. గాజు పెట్టెలో త్రాసు, పక్కన పింగాణీ గిన్నెలో ఉప్పు. తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టారు అందరూ.

“పిసరు వెయ్యమ్మా,” అన్నారు త్రివిక్రమరావుగారు.

“దేంట్లోకండి?”

“త్రాసులోకి!”

“త్రాసు ఉప్పు తింటుందా బాబూ? కాయేదండి? రుచి చూస్తేగా పిసరు వేసేది.”

ఫారంలో ‘ఉప్పు’ గడిలో కాయ లేదన్నారు. సరే, వాళ్ల ముచ్చట ఎందుకు కాదనాలని వరహాలు పదిసార్లు వేసింది. పది పిసర్లూ పది బరువులు తూగాయి. ఒకటి రెండు వందల మిల్లీగ్రాములు, ఒకటి ఏడు వందలు.

“చూశారా!” అన్నారు త్రివిక్రమరావుగారు, దొంగని పట్టుకున్నట్టు. “దరఖాస్తుదారు పిసరు నిలకడ లేనిది!”

“నిలకడ ఎలా ఉంటుందండి? కాయని బట్టీ ఎండని బట్టీ మారుద్ది మరి.”

‘అవసరమైనచో ఎండను సాక్షిగా పిలిపించవలెను’ అని రాసుకున్నారు.

పదింటినీ కూడి పదితో భాగించి, నాలుగు వందల ముప్పై ఏడు మిల్లీగ్రాములని తేల్చి, దానికి ‘రాష్ట్ర ప్రామాణిక పిసరు’ అని పేరు పెట్టారు. అంత ఉప్పునీ వెండిపళ్లెంలో పోసి, హాలు మధ్య బల్లమీద పెట్టి, తుపాకీతో ఒక జవానుని కాపలా ఉంచారు. మూడోనాడు జవాను తుమ్మాడు. రాష్ట్రం పిసరు లేనిదైపోయింది. విచారణ జరిపి జవానుని వారం సస్పెండ్ చేసి, కొత్త పిసరు తూచి, ఈసారి కాపలాకి జలుబు లేదని డాక్టరు సర్టిఫికెట్టున్నవాణ్ణి పెట్టారు.

డిసెంబరు వచ్చేసింది. బస్టాండు కొట్టు ముందు సెల్‌ఫోన్ తొడుగులవాడు రంగుల డబ్బా కూడా తెచ్చి పెట్టుకున్నాడు.

“ఇంకెంత కాలమండి బాబూ?” అని వరహాలు ఉమాకాంత్‌ని అడిగితే, “ఇంక పిసరే ఉందమ్మా,” అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

డిసెంబరు తొమ్మిదిన మండలి వారి ప్రయోగశాలలో ప్రామాణిక ఊరగాయ పెట్టారు. అదే రోజు కొత్తలంకలో వరహాలు తన జాడీ తను పెట్టుకుంది. తెల్లారి బస్సెక్కి, మండలి వాళ్ల పద్ధతేంటో చూద్దామని వెళ్లింది. వాళ్లు ముక్కలు గ్రాముల్లో కోశారట. సోలెడుప్పుని గ్రాముల్లోకి మార్చి, పైన ప్రామాణిక పిసరుని పట్టకారుతో వేసి, మూత పెట్టి, దానిమీద లక్క పోసి, లక్కమీద ముద్ర కొట్టారు. ఇరవయ్యొక్క రోజుల దాకా ఎవరూ తెరవకూడదు. ఆ సాయంత్రమే ఇంకో ఉత్తర్వు కూడా వెలువడింది: ‘పిసరు నిర్వచనము అంతిమముగా ఖరారగు వరకు, లైసెన్సు కోరువారెవ్వరూ తమ తమ ఇండ్లయందు సైతము పిసరు వాడరాదు. ఈ మధ్యంతర నిషేధమును ఉప్పు పైన ఆఫీసర్లు అమలు పరచవలెను.’

రాష్ట్రం మొత్తానికీ ఉప్పు పైన ఆఫీసరు ఒక్కడే. అతను కొత్తలంకలో ఉప్పుబస్తా మీదే కూచుని ఉన్నాడు.

ఆ రాత్రి రాజధానిలోనే ఉండిపోయి, మూడోనాడు పొద్దున్నే వరహాలు ప్రయోగశాల గుమ్మంలో నించుంది. “బాబూ, ఇవాళ మూడో రోజండి. మూత తీసి, తిరగకలిపి, ఉప్పు చూసుకోవాలి. కాయ ఊట వదిలాక ఏవడుగుతుందో అది ఇవాళే చెబుద్ది. ఇవాళ వినకపోతే ఇంక చెప్పదండి.”

“ఉప్పు చూడటం ఏ నిబంధన కిందమ్మా?” అన్నారు త్రివిక్రమరావుగారు.

“కింద కాదండి, నాలిక మీద.”

“నాలిక మా పరికరాల జాబితాలో లేదు. తొమ్మిదో నిబంధన ప్రకారం సీలు తీస్తే ప్రయోగం రద్దు. రద్దయితే మళ్లీ ఇరవయ్యొక్క రోజులు. నీ కొట్టు గడువెప్పుడు?”

వరహాలు బయటికొచ్చి ఇంటికి ఫోను చేసింది. “సత్తెవతీ, మన జాడీ మూతికి కట్టిన వాసెన విప్పావా?”

“విప్పానక్కా, తిరగకలిపాను. నాలిక్కి రాశాను. ఉప్పు అడుగుతోంది. వేద్దామంటే ఈయన బస్తామీంచి లేవట్లేదు!”

వెనకనించి భుజంగరావు గొంతు దీనంగా వినబడింది. “లేస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. పిల్లలు గలవాణ్ణి. ఇదే ఆఖరి పోస్టు, దీన్నించి కూడా విసిరేస్తే ఇంక పడటానికి శాఖలు లేవు.”

అది విని వరహాలు, “పోన్లే సత్తెవతీ. అలాగే వాసెన కట్టెయ్. ఆయనకి అన్నం పెట్టావా?” అంది.

డిసెంబరు ముప్పై. గడువుకి ఒక్క రోజు.

మండలి హాలు నిండిపోయింది. త్రివిక్రమరావుగారు ఎత్తుకుర్చీలో, శఠగోపంగారు మూడు సంఘాల తరఫునా మూడు కలాలతో, అల్లూరుపేట నించి ఫైలు పట్టుకుని ఉమాకాంత్, కొత్తలంక నించి వరహాలూ సత్తెవతీ. ఓ మూల భుజంగరావు, నిషేధం అమలైందనడానికి రుజువుగా వరహాలు ఇంటి జాడీని ఒళ్లో పెట్టుకుని.

లక్క పగలగొట్టారు. మూత ఎత్తారు. అందరూ వంగి చూసి, అందరూ ఒకేసారి వెనక్కి తగ్గారు. ఊరగాయ మీద తెల్లగా, ఒత్తుగా, ఋషిలాంటి గెడ్డం పెరిగి ఉంది.

“బూజు,” అంది సత్తెవతి, అవసరం లేకపోయినా.

త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు. “రాసుకో ఉమాకాంత్. ‘ప్రామాణిక పిసరు వేసినప్పటికిని పదార్థము చెడినందున, దరఖాస్తుదారు విధానము లోపభూయిష్టమని నిర్ధారణ అయినది. కావున లైసెన్సు...’”

గణగణమని భోజనాల గంట కొట్టింది.

గంట కొట్టాక ఆ ఆఫీసులో వాక్యం పూర్తి చేసే ఆనవాయితీ లేదు. లైసెన్సు అక్కడే గాలిలో ఆగిపోయింది. జవాను డిప్యూటీ డైరెక్టరుగారి పెరుగన్నం తెచ్చి పెట్టాడు. త్రివిక్రమరావుగారు మూత తీసి, నంజుకోడానికి ఏమీ లేదని చూసి, పెరుగన్నం వంక చూసి, గెడ్డం పెంచిన జాడీ వంక చూసి, చివరికి భుజంగరావు ఒళ్లో ఉన్న జాడీ వంక చూశారు.

“రుజువుని కూడా పరీక్షించడం మన విధి,” అన్నారు గంభీరంగా.

వరహాలు వాసెన విప్పి, రెండు ముక్కలు పళ్లెంలో వేసింది. హాలంతా దబ్బకాయ వాసన. త్రివిక్రమరావుగారు ఒక ముద్ద తిన్నారు. కళ్లు మూసుకున్నారు.

“చేదు విరిగింది. పులుపు నిలబడింది. బాగుందమ్మా! కానీ...” చప్పరించారు. “ఉప్పు పిసరు తగ్గింది.”

శఠగోపంగారి చేతిలో మూడు కలాలూ ఆగిపోయాయి. తన నోటివెంట ఏమొచ్చిందో తెలియనివారు అక్కడ ఒక్క త్రివిక్రమరావుగారే.

“ఎంత తగ్గింది బాబూ?” అంది వరహాలు మెత్తగా.

“చెప్తున్నాగా, పిసరని! ఇదిగో ఇంత...” బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, ఆ సందులోంచి ఆవిడ వంక చూశారు. సందులోంచి చూస్తూ చూస్తూ ఉండిపోయారు.

వరహాలు కొంగుముడి విప్పింది. ఇంటినించి తెచ్చుకున్న ఉప్పు. విప్పి, భుజంగరావు వైపు తిరిగింది. “వెయ్యొచ్చా నాయనా? నిషేధం ఉంది గదా. నీ ఉద్యోగం చూసుకో.”

భుజంగరావు లేచి నించున్నాడు.

“వెయ్యండమ్మా. ఉప్పు పైన ఆఫీసర్ని నేను. నేను చెబుతున్నాను, వెయ్యండి.”

ఆవిడ వేలికొసల్తో వేసి, ముక్కని అటూ ఇటూ తిప్పింది. త్రివిక్రమరావుగారు ఇంకో ముద్ద పెట్టుకున్నారు.

“ఆఁ! ఇప్పుడు సరిపోయింది.”

“ఎంత వేశారమ్మా?” శఠగోపంగారు కలం సిద్ధం చేసుకున్నారు.

“ఆయనకి తగ్గినంత.” వరహాలు కొంగు ముడేసుకుంది. “మొదట వేసే సోలెడు కాయ కోసమండి. మూడోనాడు తిని చూసి వేసే పిసరు, తినేవాడి కోసం. ముందే తూచి పోసేస్తే అది పిసరెలా అవుద్దండి? ఉప్పవుద్ది.”

శఠగోపంగారు చాలాసేపు ఆలోచించి, రెండు కలాలు జేబులో పెట్టేసి, మూడోదాంతో ‘పిసరు’ అన్న మాటకి ఎదురుగా ‘తగ్గినంత’ అని ఒక్క ముక్క రాశారు. ముప్ఫయ్యేళ్లలో ఆయన పూర్తిచేసిన తొలి ‘ప’ అదే.

అప్పుడు ఉమాకాంత్ చెయ్యెత్తాడు, బళ్లో పిల్లాడిలా. “సార్, ఇంకో సంగతుంది. మొదట్నించీ చెప్పాలనుకుంటున్నా, ఎవరూ అడగలేదు.” స్కానరు పాడవడం దగ్గర మొదలుపెట్టి, ఆటోలు, ఫ్యాను, ‘పైన ఆ పిసరు’ కాస్తా ‘పైన ఆఫీసరు’ కావడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. హాలు వెనకాల టైపు పెద్దమనిషి, “నాకేం చెముడు లేదు,” అని గొణిగాడు.

“అంటే ఈ భుజంగరావు...” అన్నారు త్రివిక్రమరావుగారు.

“ఫ్యాను గాలికి పుట్టిన పోస్టండి!” అంది సత్తెవతి.

హాలు ఘొల్లుమంది. సంఘాలు, జవాను, టైపు పెద్దమనిషితో సహా అందరూ నవ్వారు. నవ్వనివాడు భుజంగరావొక్కడే.

“మరి నేనెక్కడికెళ్లాలి?” అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. త్రివిక్రమరావుగారు నిబంధనలు తిరగేశారు. పోస్టు రద్దు చెయ్యాలంటే జిల్లా శాఖ నించి ప్రతిపాదన రావాలి. అది స్కాను చేసి పంపాలి.

“ఉండనివ్వండి బాబూ,” అంది వరహాలు. “మొదటిరోజు మా ఇంట మజ్జిగ తాగి ఏదో అనబోయి మింగేశాడు. నేను తర్వాత తాగి చూస్తే ఉప్పు నిజంగానే తగ్గింది. నాలికున్న మనిషండి. మూడోనాడు రుచి చూసి చెప్పేవాడొకడు కొట్టుకి కావాలి.”

త్రివిక్రమరావుగారు ఇంకో ముద్ద కలుపుకుంటూ ఎడంచేత్తో లైసెన్సుకీ పోస్టుకీ కలిపి సంతకం పెట్టారు.

మర్నాడు, గడువుకి రెండు గంటల ముందు, లైసెన్సు బస్టాండు గోడ ఎక్కింది. తొడుగులవాడు రంగుల డబ్బా తీసుకెళ్లిపోతూ అరకిలో సీసా కొనుక్కున్నాడు.

లైసెన్సు టైపు కొట్టింది మాత్రం ఆ పెద్దమనిషే. ‘ఉప్పు సోలెడు, పైన ఆఫీసరు’ అనే ఉంది. సరిచెయ్యమని రాస్తే ఇంకేం వస్తుందోనని అలాగే ఉంచేశారు. ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సుకోసం నించున్న ప్రతి ప్రయాణికుడూ అది చదివి, “ఇదేంటండీ, ఊరగాయలో ఆఫీసరేంటి?” అని అడుగుతాడు. ఉప్పుబస్తా మీద కూచున్న భుజంగరావు ఓపిగ్గా ఫ్యాను దగ్గర మొదలుపెట్టి, తుమ్మిన జవాను మీదుగా, గెడ్డం పెరిగిన జాడీ దాకా అందరికీ చెబుతాడు. ఈలోగా ఒకటో రెండో బస్సులు వెళ్లిపోతాయి. వెళ్లనివ్వండంటారు జనం.

కథయ్యాక చెంచాతో రుచి చూపిస్తాడు. చూసి, కొందరు, “బాగుందండీ. ఉప్పే పిసరు తగ్గింది,” అంటారు.

ఎంత అని భుజంగరావు అడగడు. బస్తామీంచి లేచి, ‘ఇదిగో ఇంత’ అని చూపే వాళ్ల వేళ్ల వంక చూస్తాడు.